కత్తికి ముందు సూది

మన భాషలో ఒంటిమీద లేచే ప్రతిదానికీ ఒక పేరు వుంది. పులిపిరి, కురుపు, సెగ్గడ్డ, బొడిపె, కాయ, కంతి, కణితి - ఇన్ని మాటలు పుట్టించుకున్న జాతికి గడ్డలతో పరిచయం తక్కువేమీ కాదు. సుశ్రుతుడు ఇంకో అడుగు ముందుకు వేసి గ్రంథి వేరు, అర్బుదం వేరు అన్నాడు. ఆ అర్బుదాల్లో మాంసంలో పుట్టేది ఒకటి, కొవ్వులో పుట్టేది ఒకటి అని మళ్ళీ విడదీశాడు. పాశ్చాత్య వైద్యులు వాడే 'సార్కోమా' అన్న మాటకు మూలం కూడా గ్రీకు భాషలో మాంసం అనే అర్థమున్న పదమే. ఇంత వివరంగా పేర్లు పెట్టుకున్నాంగాని ఒక చిక్కు మాత్రం అలాగే మిగిలిపోయింది. చర్మం కింద చేతికి తగిలే ఉండ మంచిదా, చెడ్డదా అన్నది పైనుంచి తడిమి చూసి చెప్పడం ఎంతటి ఘనవైద్యుడికైనా కష్టమే.

నేను వైద్యుణ్ణి కాను. కళాశాలలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ విషయం వ్రాయడానికి సాహసించడానికి కారణం మా దగ్గర బంధువుల ఇంట్లో జరిగిన సంగతి. దాని మూలాన కొన్ని నెలలపాటు ఆసుపత్రుల చుట్టూ తిరిగి, డాక్టర్లను అడిగి, వారు చదవమన్నవి చదివి తెలుసుకున్నది కొంత వుంది. అందులో వైద్యం పాలు ఎంత వుందో, మాటల అర్థం పాలు కూడా అంతే వుంది. మాటల అర్థం చెప్పడం నా వృత్తి గనుక ఆ మేరకు నాకు హక్కు వుందనుకుంటాను.

ముందుగా గడ్డల సంగతి చూద్దాం. కండరాలు, కొవ్వు, రక్తనాళాలు, నాడుల పైపొరలు - వీటన్నిటినీ కలిపి మెత్తని కణజాలం అంటారు. వీటిలో లేచే గడ్డల్లో చాలా భాగం ప్రాణానికి ముప్పు లేనివే. మనందరికీ తెలిసిన కొవ్వుగడ్డ అటువంటిది. అపాయం లేని గడ్డలు అపాయకరమైన వాటికన్న కనీసం నూరు రెట్లు ఎక్కువని వైద్యుల అంచనా. ఆ అపాయకరమైన గడ్డే సార్కోమా. పెద్దవాళ్ళకు వచ్చే కాన్సర్లన్నిటిలో అది నూటికి ఒకటి మాత్రమే.

ఇది వినగానే "అయితే భయమెందుకు?" అని మీరు అనవచ్చు. అది అంత అరుదు కావడమే అసలు ప్రమాదం. ఊళ్ళోని డాక్టరుగారు తన జీవితంలో కొవ్వుగడ్డలను వందలకొద్దీ చూసి వుంటారు. సార్కోమాను ఒకటో రెండో చూసి వుంటారు, లేదా ఒక్కటీ చూసి వుండరు. "కొవ్వుగడ్డేనండీ, అరగంటలో తీసేద్దాం" అన్నమాట తొంభైతొమ్మిదిసార్లు నిజమే అవుతుంది. నూరోసారి నిజం కానప్పుడు, ఆ ఒక్క కుటుంబానికి అది నూటికి నూరూ అవుతుంది.

మా వీధిలో వుండే రిటైరైన పోస్టుమాస్టరుగారి విషయంలో అలాగే జరిగింది. భుజం వెనక గడ్డ లేచింది. నొప్పి లేదు. దగ్గరలో వున్న ఒక నర్సింగుహోములో చూపించుకుంటే కొవ్వు అన్నారు, మర్నాడే కోసి తీశారు. తీసినదాన్ని పరీక్షకు పంపితే సార్కోమా అని వచ్చింది. అంటే ఏమిటో తెలియకుండా కత్తి పెట్టారు, కత్తి పెట్టాక ఏమిటో తెలిసింది. పాపం, ఆయన మరో పెద్ద ఆసుపత్రికి వెళ్ళి, మొదటికన్న నాలుగింతలు పెద్ద ఆపరేషను చేయించుకుని, తొడమీద చర్మం తీసి భుజానికి అతికించుకుని, ఆపైన రేడియేషను కూడా పెట్టించుకోవలసి వచ్చింది.

ఎందుకు ఇంత రభస? సార్కోమా చూడడానికి చక్కని పొరలో చుట్టి పెట్టినట్టు వుంటుంది. కోసి వేలు పెడితే గుల్లలోంచి చింతపిక్క వచ్చినట్టు ఊడివస్తుందిట. కాని ఆ పొర నిజమైన పొర కాదు. గడ్డ పెరుగుతూ చుట్టూ వున్న కణజాలాన్ని అదిమి అదిమి చేసుకున్న దొంగ పొర. అందులో కాన్సరు కణాలు వుండనే వుంటాయి. పిక్క ఊడివచ్చినా గుల్ల లోపల మిగిలిపోతుంది. పైగా కోసినచోట కారిన రక్తం ఆ కణాలను చుట్టుపక్కల పొరల్లోకి మోసుకుపోతుంది. అంచేత సార్కోమాను తీసేటప్పుడు దాన్ని తాకకుండా, చుట్టూ ఆరోగ్యంగా వున్న కండను కొంత కలుపుకుని, మొత్తంగా తీయాలి. అలా తీయాలంటే అది ఏమిటో ముందు తెలియాలి. కత్తికి ముందు సూది కావాలనడం అందుకే.

ప్రాణివున్న శరీరంలోంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినికింద చూసే పద్ధతికి బయాప్సీ అని పేరు. 'ప్రాణం', 'చూపు' అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి, 1879లో ఎర్నెస్ట్ బెనియే అనే ఫ్రెంచి చర్మవైద్యుడు ఈ పదం పుట్టించాడు. ఆ ముక్కను సూదితో తీయడం 1930లో ప్రసిద్ధిలోకి వచ్చింది. న్యూయార్కులోని మెమోరియల్ ఆసుపత్రిలో హేస్ మార్టిన్, ఎడ్వర్డ్ ఎల్లిస్ అనేవారు సూదితో గడ్డలోని పదార్థాన్ని పీల్చి చూసి ఫలితాలు ప్రకటించారు. 1950, 60 దశకాల్లో స్వీడన్ వైద్యులు ఇంకా సన్నని సూదులతో ఈ పద్ధతిని పెంచి పెద్దచేశారు.

ఇప్పుడు వాడుకలో రెండు రకాల సూదులున్నాయి. మొదటిది సన్నసూది. మన ఊళ్ళల్లో 'ఎఫ్.ఎన్.ఎ.సి.' అంటారే, అది. మామూలు ఇంజెక్షను సూది వంటిదే. దానితో కొన్ని కణాలు పీల్చి గాజుపలకమీద పూసి చూస్తారు. రెండోది కోర్ బయాప్సీ సూది. సుమారు రెండు మిల్లీమీటర్ల లావు వుంటుంది. లోపల గాడి వుంటుంది, స్ప్రింగు వుంటుంది. 'టక్'మని శబ్దం చేసి సేమ్యా పోగంత ముక్కను కోసి తెస్తుంది.

ఈ రెండింటికీ తేడా నా పాఠం భాషలో చెబుతాను. సన్నసూది తెచ్చేవి విడి అక్షరాలు. కోర్ సూది తెచ్చేది ఒక వాక్యం. ఆపరేషనులో వచ్చేది పుస్తకం మొత్తం. విడి అక్షరాలు చూసి ఇది తెలుగో కన్నడమో చెప్పవచ్చుగాని, కథో కావ్యమో చెప్పడం కష్టం. వాక్యం దొరికితే శైలి తెలుస్తుంది, విషయం తెలుస్తుంది. మెడలో గ్రంథులకు, థైరాయిడ్ గడ్డలకు సన్నసూది బాగా పనికివస్తుంది. తొడలోనో, చేతిలోనో, కడుపు వెనక భాగంలోనో లేచిన మెత్తని కణజాలపు గడ్డకు మాత్రం కోర్ బయాప్సీయే మేలని నేటి వైద్యుల మాట. ఈ సార్కోమాలలో 50కి పైగా రకాలున్నాయి మరి. కణాలు ఒకదానిపక్క ఒకటి ఎలా పేర్చుకుని వున్నాయో చూస్తేనేగాని వాటిని విడదీయడం కుదరదు.

చేసే విధానం మనం భయపడేటంత కాదు. ఆ చోట మత్తు ఇంజెక్షను ఇస్తారు. చర్మంమీద ఆవగింజంత గాటు పెట్టి, అల్ట్రాసౌండు తెరమీద చూసుకుంటూ సూదిని గడ్డలోకి పంపుతారు. నాలుగైదు పోగులు తీసి ఫార్మలిన్ సీసాలో వేస్తారు. అరగంటలో పని అయిపోతుంది. చాలామంది ఆ సాయంత్రమే ఇంటికి వచ్చేస్తారు. రక్తం పలచబరచే మాత్రలు వేసుకునేవాళ్ళు మాత్రం ఆ మాట ముందే డాక్టరుతో చెప్పాలి.

ఇక అసలు ప్రశ్న. ఇంత చిన్న పోగు చెప్పే సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

దీనికి న్యూయార్కులోని ఆ మెమోరియల్ ఆసుపత్రి వైద్యులే 1997లో ఒక లెక్క ప్రకటించారు. కాళ్ళలో, చేతుల్లో వచ్చిన గడ్డలకు ముందు కోర్ సూదితో పరీక్ష చేసి, ఆపరేషను అయ్యాక మొత్తం గడ్డను చూసి, రెండూ సరిపోయాయో లేదో పోల్చారు. సూదితో వచ్చిన ముక్కల్లో నూటికి 93 నిర్ధారణకు చాలినంత వున్నాయి. అలా చాలినవాటిలో 'ఇది కాన్సరు' అన్నమాట నూటికి 95 సందర్భాల్లో ఆపరేషను తరువాతి నిర్ధారణతో సరిపోయింది. 'ఇది ఎంత ఉగ్రమైనది' అన్నది 88 సందర్భాల్లో సరిపోయింది. 'ఇది ఫలానా రకం' అన్నది 75 సందర్భాల్లో సరిపోయింది.

ఈ నాలుగు అంకెలను కాస్త నెమ్మదిగా చూడండి. మంచిదా చెడ్డదా అన్న పెద్ద ప్రశ్నకు సూది దాదాపు తడబడకుండా జవాబు చెబుతోంది. ప్రశ్న సూక్ష్మమైనకొద్దీ జవాబులో పట్టు తగ్గుతోంది. దానికి కారణం మన వంటింట్లోనే వుంది. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటాం. కుండలో అన్నమంతా ఒకటే గనుక ఆ సూత్రం చెల్లుతుంది. కణితి అన్నపు కుండ కాదు, కలగూరగంప. ఒక మూల కొవ్వులా వుంటుంది, ఒక మూల జిగురులా వుంటుంది, ఒక మూల కణాలు చచ్చి కుళ్ళివుంటాయి, ఇంకో మూల ఉగ్రంగా పెరుగుతూ వుంటుంది. సూది ఏ మూలకు వెళ్ళిందో ఆ మూల సంగతే చెబుతుంది. అందుకే ముందుగా ఎం.ఆర్.ఐ. తీసి, గడ్డలో ఏ భాగం బతికి పెరుగుతున్నదో చూసుకుని అక్కడికే సూది పంపుతారు. ఒక్క పోగుతో సరిపెట్టుకోకుండా నాలుగైదు తీయడం కూడా ఇందుకే. 1997 తరువాత జన్యుపరీక్షలు వాడుకలోకి వచ్చి, రకం చెప్పే పనికి ఎంతో బలం చేకూరింది. కొన్ని సార్కోమాలలో రెండు వేర్వేరు జన్యువులు తెగి ఒకదానితో ఒకటి అతుక్కుని వుంటాయి. ఆ అతుకు సేమ్యా పోగంత ముక్కలో కూడా దొరికిపోతుంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. మా మేనత్త కొడుకు, నాకు బావ. యాభై దాటినవాడు, తెనాలి దగ్గర వ్యవసాయం. తొడలో, కండ లోపల గడ్డ లేచింది. నాలుగు నెలల్లో నిమ్మకాయంతది బత్తాయంత అయింది. నొప్పి లేదు గనుక ఎవరూ పట్టించుకోలేదు. పంచె కట్టుకునేటప్పుడు ఎత్తుగా కనబడుతున్నదని అక్కయ్య పోరుపెడితే పట్నం వెళ్ళి సన్నసూది పరీక్ష చేయించుకున్నాడు. 'జిగురు పదార్థం, కొద్దిపాటి కణాలు. కాన్సరు కణాలు కనపడలేదు. నిర్ధారణకు చాలదు' అని రిపోర్టు వచ్చింది.

మా అత్తయ్య రెండో వాక్యం దగ్గరే ఆగిపోయింది. "కనపడలేదని వాళ్ళే వ్రాసి ఇచ్చారుగదరా! ఇంకా దాన్ని కెలకడమెందుకు? సూది గుచ్చినకొద్దీ కదలనిది కదులుతుందిట" అంది. సత్యనారాయణ వ్రతానికి రోజు కూడా చూసింది. బావ కూడా అదే పాటకు తాళం వేశాడు. రిపోర్టు నా చేతికి వచ్చింది. మూడో వాక్యం చదివాక ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఇద్దరికీ నచ్చచెప్పి హైదరాబాదు తీసుకువెళ్ళాను.

అక్కడి డాక్టరుగారు రిపోర్టు చూసి, "మాస్టారూ, మీరు తెలుగు చెబుతారుగదా! కనపడలేదు, లేదు - ఈ రెండూ ఒకటేనా?" అన్నారు. "కావండీ" అన్నాను. "అంతే. సూది వెళ్ళినచోట కనపడలేదు. గడ్డ పెద్దదవుతున్నది, కండ లోపల వున్నది. స్కానింగు ఒక మాట చెబుతూ సూది ఇంకో మాట చెబితే, సూదిని మళ్ళీ అడగాలి" అన్నారు.

మళ్ళీ అడిగారు. ఈసారి కోర్ సూదితో, అల్ట్రాసౌండు చూసుకుంటూ. పది రోజులకు జవాబు వచ్చింది. మిక్సాయిడ్ లైపోసార్కోమా. కొవ్వు కణాల జాతికి చెందిన కాన్సరు, జిగురు ఎక్కువగా వుండే రకం. మొదటి సూదికి జిగురు మాత్రమే తగలడంలో వింత లేదు. పేరు తెలియడంవల్ల మరో మేలు జరిగింది. ఈ రకం రేడియేషనుకు బాగా లొంగుతుందిట. అంచేత ముందు అయిదువారాలు రేడియేషను ఇచ్చి, కొంత వ్యవధి తరువాత ఆపరేషను చేశారు. కాలు నిలిచింది. బావ ఇప్పుడు చేలో గట్లమీద కాస్త కుంటుతూ నడుస్తాడు. క్రమం తప్పకుండా పరీక్షలకు వెళ్ళివస్తాడు. అత్తయ్య వ్రతం చేసింది, ఆపరేషను అయ్యాక.

ఆ రిపోర్టులోని మూడు వాక్యాలే ఈ వ్యాసానికంతకూ మూలం. సూది 'ఇది కాన్సరు' అంటే, అనుభవమున్న పరీక్షకుడు అన్నమాట అయితే, దాదాపుగా నమ్మవలసిందే. 'ఇది ఫలానా అపాయంలేని గడ్డ' అని పేరుపెట్టి చెప్పి, స్కానింగు కూడా దానికే తలవూపితే హాయిగా నిద్రపోవచ్చు. 'ఏమీ కనపడలేదు' అన్నప్పుడు మాత్రం అది జవాబు కాదు, ప్రశ్న ఇంకా మిగిలేవుందని అర్థం. మన కుటుంబాల్లో చాలామంది ఈ మూడోదాన్ని రెండోదానిగా చదువుకుంటారు. చదువుకుని ఆరు నెలలు పోగొట్టుకుంటారు.

సూది మంచివార్త తెచ్చే సందర్భాలు కూడా మరచిపోరాదు. ముంజేతిలో నాలుగైదు వారాల్లోనే గబగబా పెరిగి, అచ్చం సార్కోమాలాగే భయపెట్టే ఒక గడ్డ వుంది. నోడ్యులర్ ఫాషియైటిస్ అంటారు. 1955లో అమెరికాలో వైద్యులు దీన్ని విడిగా గుర్తించి, కాన్సరులా కనబడుతుందిగాని కాన్సరు కాదని చెప్పారు. 2011లో దీని జన్యుచిహ్నం కూడా దొరికింది. తరచుగా అది తనంతట తానే తగ్గిపోతుంది. సూది ఆ మాట ముందే చెబితే, ఒక చెయ్యికి పెద్ద ఆపరేషను తప్పినట్టే.

ఇక అత్తయ్య అన్న మాట - సూది గుచ్చితే పాకుతుందని. ఈ భయం మన ఇళ్ళల్లో చాలా గట్టిది. పూర్తిగా ఆధారం లేనిదని కూడా అనను. సూది వెళ్ళిన దారిలో కణాలు నాటుకోవడం ఎప్పుడైనా జరిగినట్టు వైద్యగ్రంథాల్లో వుంది. కాని అది బహు అరుదు. దానికి కూడా ఉపాయం వుంది. రేపు ఆపరేషనుకు ఎక్కడ కోస్తారో ఆ గీతమీదనే సూది గుచ్చితే, గడ్డతోపాటు ఆ దారిని కూడా తీసేయవచ్చు. అంటే సూది గుచ్చేవారు, రేపు కత్తి పట్టేవారు ముందే మాట్లాడుకోవాలి. అంత అరుదైన ప్రమాదానికి భయపడి సూదిని మాని, తెలియని గడ్డమీద నేరుగా కత్తి పెట్టడం చీమకు భయపడి పుట్టలో చెయ్యి పెట్టడమే.

ఈ విషయంలో తొందరపాటు ఎంత ఖరీదైనదో 1982లో అమెరికాలో హెన్రీ మాంకిన్ అనే ఎముకల శస్త్రవైద్యుడు, ఆయన సహచరులు చూపించారు. ఎముకల్లో, మెత్తని కణజాలంలో కాన్సరు వచ్చిన 329 మంది బయాప్సీలు పరిశీలిస్తే, 18.2 శాతంలో నిర్ధారణలో పెద్ద పొరపాట్లున్నాయి. 4.5 శాతం మందికి బయాప్సీ సరిగా చేయకపోవడంవల్ల అవసరం లేకుండా కాలో చెయ్యో తీసేయవలసి వచ్చింది. వాటిలో కత్తితో కోసి చేసిన బయాప్సీలూ వున్నాయి. చివరకు చికిత్స చేసే ఆసుపత్రిలో కాక, అక్కడికి పంపకముందే బయట చేసిన సందర్భాల్లో పొరపాట్లు ఎన్నో రెట్లు ఎక్కువ. 1996లో 597 మందితో మళ్ళీ పరిశీలించారు. పద్నాలుగేళ్ళు గడిచినా పరిస్థితి పెద్దగా మారలేదు. ఏ పనిముట్టు వాడారన్నది ఎంత ముఖ్యమో, ఎవరు, ఎక్కడ, ఏ ఆలోచనతో వాడారన్నది అంతకన్న ముఖ్యమని దీని తాత్పర్యం.

ప్రతి గడ్డకూ సూది అక్కరలేదు సుమా! ఏళ్ళతరబడి ఒకే పరిమాణంలో, చర్మం కిందనే, మెత్తగా కదిలే చిన్న గడ్డను చూసి బెంగపెట్టుకోవద్దు. అయిదు సెంటీమీటర్లు దాటినది, అంటే పెద్ద నిమ్మకాయకు మించినది, పెరుగుతున్నది, కండ లోపలికి పాతుకున్నది, ఒకసారి తీయిస్తే మళ్ళీ వచ్చినది - ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి వున్నా కత్తికి ఒప్పుకోకముందు ఆగండి. నొప్పి లేదుగదా అని ధైర్యం తెచ్చుకోకండి. చాలా సార్కోమాలు నొప్పి పెట్టవు.

అప్పుడు డాక్టరుగారిని మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. 'తీయకముందు ఇది ఏమిటో తెలుసుకునే వీలుందా?' 'సూది ఎక్కడ గుచ్చాలో ఆపరేషను చేసేవారితో సంప్రదించారా?' 'సూది చెప్పింది, స్కానింగు చెప్పింది ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా?' మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోపగించుకోరు. రిపోర్టుతోపాటు గాజుపలకలు, మైనంలో అచ్చుపోసిన ఆ ముక్కలు కూడా అడిగి తెచ్చుకోండి. ముంబైలోని టాటా ఆసుపత్రికో, హైదరాబాదులోని ఎం.ఎన్.జె.కో, నిమ్స్‌కో వెళ్ళవలసి వస్తే, మళ్ళీ గుచ్చకుండానే అక్కడివారు వాటినే మరోసారి చూడగలరు.

ఆపైన రిపోర్టును చివరి వాక్యం దాకా చదివించుకోండి. అర్థంకాని మాటకు అర్థం అడగడంలో చిన్నతనం లేదు. నా దగ్గర చదువుకునే పిల్లలకు నేను రోజూ చెప్పే మాటే ఇది. పరీక్షలో అయితే ఒక మార్కు పోతుంది. ఇక్కడ పోయేది మార్కు కాదు.